చెప్పు అడుగున పేరు

"పెళ్ళికూతురు నడవకూడదా? ఏం, కాలు విరిగిందా?"

ఐలిన్ అరుపుకి కరాలియోలు పార్కులో పావురాలు లేచిపోయాయి. కొండ అంచున టీ తాగుతున్న ముసలివాళ్ళు గ్లాసులు దించి మరీ చూశారు.

సెర్హాత్ కెమెరా వెనక ముఖం దాచుకున్నాడు. "రాళ్ళు కాలుతున్నాయండీ. పాపం, పాదాలు..."

"చెప్పులు వేసుకున్నా కాలతాయా, ఫొటోగ్రాఫర్ గారూ?"

టర్కీలోని అంతాల్యాలో ఎవరి పెళ్ళయినా ఫొటోలు ఈ పార్కులోనే. కింద సముద్రం, పైన కొత్త జంట, పక్కన గౌను తోక పట్టుకుని ఐలిన్. ఆమె స్నేహితురాళ్ళందరి పెళ్ళిళ్ళకీ ఫొటోగ్రాఫర్ సెర్హాతే. కలిసిన ప్రతిసారీ ఇద్దరికీ పేచీయే.

పెళ్ళికాని అమ్మాయిలు పెళ్ళికూతురి చెప్పు అడుగున తమ పేర్లు రాస్తారక్కడ. సాయంత్రానికి ఎవరి పేరు చెరిగితే తర్వాతి పెళ్ళి వాళ్ళది. సెర్హాత్‌కి ఇలాంటి నమ్మకాలేం లేవు. లేవంటూనే, ఐలిన్ పేరు చెరగాలని ఇన్నాళ్ళూ ప్రతి పెళ్ళికూతుర్నీ కంకర దారంట పైకీ కిందికీ నడిపించి చంపాడు. వెలుతురు అక్కడ బాగుందనేవాడు, అక్కడికెళ్ళాక ఇక్కడే బాగుందనేవాడు. పెళ్ళికూతుళ్ళ మడమలు బొబ్బలెక్కాయి గానీ ఐలిన్ పేరు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ అమ్మాయినే నేరుగా అడగొచ్చుగా అంటే, అంత ధైర్యం ఉన్నవాడు కెమెరా వెనక ఎందుకు నిలబడతాడు?

ఇవాళ కథ తిరగబడింది. పొద్దున్నే ఐలిన్ మేనత్త నెర్మిన్ అందరి ముందూ చెప్పేసింది. "కోన్యా నుంచి పళ్ళ డాక్టరు సంబంధం వచ్చింది. మన పెళ్ళికూతురు బెర్రిన్ చెప్పు మీద దీని పేరు చెరిగిందంటే, ఆదివారం వాళ్ళు పెళ్ళిచూపులకి వచ్చి మా పిల్ల చేతి కాఫీ తాగుతారు. దీనికీ నాకూ పందెం!"

ఐలిన్ నవ్వుతూ తలూపింది. ఆ నవ్వే సెర్హాత్ ప్రాణం తోడేసింది.

అందుకని ఇవాళ బెర్రిన్ కాలు నేల మీద పడటానికి వీల్లేదు.

"ఎత్తుకోండి సార్. ఇప్పుడిదే ఫ్యాషన్," అన్నాడు పెళ్ళికొడుకుతో.

పెళ్ళికొడుకు లెవెంట్ బక్కపలచని లెక్కల మాస్టారు. బెర్రిన్ బక్కపలచనిది కాదు. పాపం, నారింజ చెట్ల దాకా మోశాడు. అక్కణ్ణుంచి ఫౌంటెన్ దాకా మోశాడు. కొండ అంచు చేరేసరికి రొప్పుతున్నాడు.

"ఇంకెంత దూరం తమ్ముడూ?"

"అంటే, నేను బరువా?" అంది బెర్రిన్.

"ఎవరన్నారు? దూదివి," అన్నాడు లెవెంట్, చెమట తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేక.

పొద్దు కొండల వెనక్కి దిగాక నెర్మిన్ అత్త చెప్పు విప్పించి తిరగేసింది. ఐలిన్ పేరు పొద్దున రాసినంత నల్లగా ఉంది.

"మోసుకు తిరిగితే ఎలా చెరుగుతుంది!" అని సణుక్కుంటూ అత్త టీ బల్ల దగ్గరికి పోయింది. సెర్హాత్ హమ్మయ్య అనుకున్నాడు.

ఐలిన్ ఆ చెప్పు పట్టుకుని తిన్నగా అతని దగ్గరికి వచ్చింది.

"ఇన్ని పెళ్ళిళ్ళలో ఆడపిల్లల్ని అరికాళ్ళు అరిగేలా నడిపించారు. ఇవాళ మోయించారు. నేను గుడ్డిదాన్ననుకున్నారా?"

"అదీ... వెలుతురు..."

"వెలుతురు లేనిది మీ బుర్రలో!" బ్యాగులోంచి ఒక పెన్ను తీసి చూపించింది. "మా ల్యాబులో రక్తం గొట్టాల మీద రాసేది. నీళ్ళలో ముంచినా చెరగదు. అన్ని చెప్పుల మీదా దీంతోనే రాశాను."

సెర్హాత్ నోరు తెరిచాడు. "అంటే, వాళ్ళని అంత నడిపించిందీ..."

"దండగ."

"ఇవాళ లెవెంట్ మోసిందీ..."

"శుద్ధ దండగ. నడుం పట్టేసింది పాపం."

"ఎందుకు అలా రాశారు మరి?"

ఐలిన్ సముద్రం వైపు తిరిగింది. గొంతులో వెటకారం పోయింది. "చెరిగితే అత్త ఎవడికో ఇచ్చి చేసేస్తుంది. నాకు ఎవడో వద్దు. ఒకడు నోరు విప్పుతాడని చూస్తున్నాను. వాడికి వెలుతురు తప్ప వేరే మాట రాదు. ఇదే ఆఖరి చెప్పు సెర్హాత్. పెళ్ళికాని స్నేహితురాళ్ళు ఇంకెవరూ లేరు నాకు."

సెర్హాత్ కెమెరా మెడలోంచి తీసి బెంచీ మీద పెట్టాడు. అది అడ్డం లేకుండా ఆమెని చూడటం అదే మొదటిసారి.

"నువ్వంటే నాకిష్టం ఐలిన్. నువ్వు మొదటిసారి తిట్టిన రోజునుంచీ. నన్ను చేసుకుంటావా?"

"ఇంత చిన్న మాటకి ఎంతమంది మడమలు పాడుచేశావయ్యా!" అంటూ ఆమె కళ్ళు తుడుచుకుంది. "కానీ పందెం పందెమే. పేరు చెరిగితేనే పెళ్ళి."

"చెరగదన్నావుగా!"

"నీళ్ళకి చెరగదన్నాను. స్పిరిట్‌కి చెరగదని అన్నానా?"

సెర్హాత్ చెప్పు లాక్కుని టీ బల్ల దగ్గరికి పరిగెత్తాడు. ఆ ఊళ్ళో బ్యాగులో నిమ్మ కొలోన్ సీసా లేని అత్తయ్య ఉండదు, అందులో సగానికి పైగా స్పిరిటే.

"అత్తయ్యా, కాస్త కొలోన్ పోస్తారా?"

"పట్టు బాబూ, చెమటకి హాయిగా ఉంటుంది," అని నెర్మిన్ అత్త చెయ్యి నిండా పోసింది.

సెర్హాత్ ఆ చేత్తోనే చెప్పు అడుగు రుద్దాడు. అక్షరాలు కరిగి అరచేతికి అంటుకున్నాయి.

"చెరిగిందర్రా! ఆదివారం డాక్టర్ని..." అని కేకేసింది అత్త.

"కాఫీ పెడతానత్తా," అంది వెనకే వచ్చిన ఐలిన్. "తాగేది మాత్రం డాక్టరు కాదు."

అత్త ఆమె ఎర్రబడ్డ ముఖాన్నీ, అతని నల్లబడ్డ చేతినీ, తన సీసానీ మార్చి మార్చి చూసింది. "నా కొలోన్‌తోనే నేను తెచ్చిన సంబంధం తుడిచేశారా!" అని నెత్తి కొట్టుకుని, నవ్వాపుకోలేక, సీసా మళ్ళీ వంచింది. "ఆ చెయ్యి శుభ్రం చేసుకో. ఆదివారం మీ అమ్మనీ నాన్ననీ తీసుకురా."

బెంచీ మీద నడుం పట్టుకు కూర్చున్న లెవెంట్ అప్పుడు కెమెరా అందుకున్నాడు.

"మీ పెళ్ళికి ఫొటోలు నేను తీస్తాను తమ్ముడూ. పార్కు ఈ చివర్నుంచి ఆ చివరిదాకా పెళ్ళికూతుర్ని నువ్వే మోసుకెళ్దువుగాని."