పన్నెండు బండ్లకూ ఒకటే గొంతు

పప్పన్నం నాలుగో ముద్ద మనస్వి నోటి దగ్గరికి వెళ్ళేసరికి, వాకిలి ముందు నుంచి అరవై టన్నుల రాయితో బండి ఇంజను చప్పుడు లేకుండా వెళ్ళిపోయింది. కామాక్షి చేయి గాల్లోనే ఆగింది. బండి మలుపు తిరిగి కనబడకుండా పోయాకగానీ ఆ ముద్ద బిడ్డ నోట్లోకి వెళ్ళలేదు.

రోజుకు నలభైసార్లు ఇదే తంతు. అందుకే ఆమె చీరకొంగు కొస ఎప్పుడూ బిడ్డ మొలతాడుకు ముడేసి ఉంటుంది.

"ఏందిమే, ముద్ద చేతిలో పెట్టుకోని బొమ్మ మాదిరి కూకున్నావు?" అంది ఎదురింటి రవణమ్మ, మేకలకు ఆకు వేస్తూ.

"బండి పోయిందత్తా."

"పోయిందా? నేను చూడనే లేదే!"

"తప్పుకోమని కీచుమోత కూడా పెట్టింది. నువ్వు ఇనలేదు."

"దాన్ని ఎవరింటారుమే? ఇని ఇని చెవులు లెక్కచెయ్యడం మానేసినాయి. నా నల్లమేక కూడా అట్నే గదా పోయింది."

తెల్లరాళ్ళపాడు మట్టిలో అభ్రకం ఎండకు మెరవడం తాతల నాటి నుంచీ ఉన్నదే. అభ్రకం తవ్వినవాళ్ళు మధ్యలో వచ్చే ఊదారంగు రేకులను పనికిరావని గుట్టలు పోశారు. బ్యాటరీలకు కావలసిన లిథియం ఆ ఊదారంగులోనే ఉందని తేలాక ఊరి జాతకం మారిపోయింది. ఆ ఖనిజాన్ని జనం తేలికలోహం అన్నారు. ప్రభుత్వం రేషన్ కార్డుకొక విద్యుత్ బండి ఇచ్చింది, గనికి రోడ్డు వేసింది, నడిపే మనిషి అక్కరలేని మౌనబండ్లను పన్నెండింటిని దింపింది. గూడూరులో పెట్రోలు బంకు ఉన్న చోట ఇప్పుడు పూలమొక్కలు అమ్ముతున్నారు. ఊళ్ళో పొగ లేదు, దగ్గు లేదు. రేకుల ఇళ్ళు పోయి మిద్దెలు లేచాయి. అన్నీ బాగానే ఉన్నాయి, ఒక్క చప్పుడు తప్ప.

మౌనబండికి ముందువైపు దారికన్ను ఉంది. ఎదురుగా చీమ కదిలినా చూస్తుంది. కానీ చూడటం వేరు, ఆగడం వేరు. ఊరి వాలులో అంత బరువు నిలబడాలంటే ముప్పై అడుగులు కావాలి. రవణమ్మ మేక పది అడుగుల దూరంలో ఉండింది.

ఆ సాయంత్రం లోహరవాణా విభాగం నుంచి ఇంజనీరు నస్రీన్ వచ్చింది. గూడూరు పిల్ల, కామాక్షి ఈడుదే. వచ్చీరాగానే అరుగు మీద కూర్చుని అడిగింది.

"కామాక్షిగారూ, గనిలో కేకమనిషి మీరేనంట కదా?"

"ఉండేదాన్ని మేడం. ఇప్పుడు తూటాలు పేల్చడం లేదు గదా, నీటికత్తితో రాయి కోస్తా ఉండారు. కేకతో పనేముంది?"

రాయి పగలగొట్టే తూటా పేల్చే ముందు దిబ్బెక్కి ఎర్రగుడ్డ ఊపి మూడుసార్లు కేక వేసేవాడిని కేకమనిషి అంటారు. అది వాళ్ళ ఇంటి పని. తండ్రి పెంచలయ్య కాలు విరిగిన ఏడాది కామాక్షి తొమ్మిదో తరగతిలో ఉంది. పుస్తకాల సంచి గోడకు తగిలించి దిబ్బెక్కింది. ఏడేళ్ళలో ఆమె కేక విని కదలనివాడు లేడు, ఒక్క ప్రాణం పోలేదు.

"ఏ మోత పెట్టినా వారానికే జనానికి అలవాటైపోతోంది" అంది నస్రీన్. "మీ కేకకు మాత్రం ఏడేళ్ళయినా అలవాటు పడలేదంట. బండ్లకు మీ గొంతు ఇస్తారా?"

"నా గొంతా? బండికా?"

"ఇయ్యమ్మాయ్, ఇయ్యి" అన్నాడు పెంచలయ్య మంచం మీద లేచి కూర్చుంటూ. "మన పాప తిరిగే దారే గదా అది."

ఆ ఒక్క మాట చాలింది ఆమెకు.

మర్నాడు పొద్దున్నే దిబ్బ మీద నస్రీన్ గొంతుబరిణె పెట్టింది. అరచేతిలో పట్టే వెండిరంగు డబ్బా. దానిలో పడిన గొంతు చెడిపోదు, అలసిపోదు. కామాక్షి రొమ్ము నిండా గాలి పీల్చి నోరు తెరిచింది. పిల్లికూతంత వచ్చింది.

"తూటా లేదు, ముందర మనిషి లేడు. ఎవరి కోసమని అరిచేది మేడం?" సిగ్గుతో నవ్వేసింది.

"ఎవరో ఉన్నారనుకోండి. మీకు కావలసినవాళ్ళు."

కామాక్షి కళ్ళు మూసుకుంది. మూసిన రెప్పల వెనక మొలతాడు ముడి ఊడిపోయింది. మనస్వి రోడ్డంచున నిలబడి ఊదారాయి ఏరుకుంటోంది. వాలు మీద నుంచి తెల్లగా, చప్పుడు లేకుండా...

"తప్పుకోండో! ఓ...య్! తప్పుకోండో!"

దిబ్బ కింద మేస్తున్న మేకలన్నీ ఒక్కసారిగా పక్కకు దూకాయి. నస్రీన్ తన చేతి మీద నిక్కబొడుచుకున్న రోమాలను చూపిస్తూ, "ఇంకోసారి వద్దు, ఇదే!" అని గంతేసినంత పని చేసింది.

మూడు వారాలు గని లోపలి దారిలో పరీక్షించారు. ఒక్క మనిషికీ గీత పడలేదు. దారికన్నుకు అడ్డం కనబడితే బండి కేక వేస్తుంది. అడ్డం ఎంత దగ్గరైతే అంత గట్టిగా వేస్తుంది. పైనుంచి ఉత్తర్వు వచ్చింది: ప్రభుత్వ సాయంతో తిరిగే ప్రతి బరువుబండికీ రాష్ట్రమంతటా ఇదే గొంతు.

"మా మేకలు నా మాట ఇనవు గానీ నీ మాట బాగా ఇంటా ఉండాయిమే" అంది రవణమ్మ. "రేపట్నించి పాలు కూడా నువ్వే పిండుకో!"

ఊరి రోడ్డు మీదికి గొంతుబండ్లు వచ్చే రోజున పందిరి వేశారు, అరటిబోదెలు కట్టారు. పన్నెండు బండ్లకూ పసుపు పూసి బొట్లు పెట్టారు. కామాక్షి పెళ్ళినాటి పట్టుచీర కట్టుకుంది. కొంగుకు ముడేస్తే నలుగుతుందని ఆ పూటకు బిడ్డను తన తండ్రి ఒడిలో కూర్చోబెట్టింది. పందిరి కింద ఎవరో దండ వేశారు. ఎవరో మైకులో ఆమె పేరు చదివారు. ఆమెకు కాళ్ళు నేల మీద ఆనలేదు.

వాలు పైన మొదటి బండి కదిలింది.

"తప్పుకోండో! ఓ...య్!"

జనం ఈలలు వేసి రెండు పక్కలకూ జరిగారు. పెంచలయ్య ఒడిలో నిద్రమత్తుగా ఉన్న మనస్వి తలెత్తింది. "అమ్మ" అంది. జారి కిందికి దిగింది. ముసలాయన చేయి చాచేలోపే రోడ్డెక్కింది.

"పాప! పాప!" అన్న అరుపు పందిరి దాకా వచ్చింది. కామాక్షి దండ తెంపుకుని దూకింది.

"మనసూ! ఆగు! మనసూ!"

బిడ్డ ఒక్క క్షణం ఆగింది. వెనక నుంచి అమ్మ పిలుస్తోంది. ముందు నుంచీ అమ్మే పిలుస్తోంది. ముందున్న అమ్మ గట్టిగా పిలుస్తోంది. బిడ్డ రెండు చేతులూ చాపి, ఎత్తుకోమన్నట్టు బండికి ఎదురు పరిగెత్తింది. దారికన్ను చూసింది. అడ్డం దగ్గరవుతోంది కాబట్టి బండి బ్రేకు బిగిస్తూనే కేక పెంచింది. పిల్ల ఇంకా సంబరంగా పరిగెత్తింది.

తను ఎంత అరిచినా ఆ మోతలో అది ఇంకొక కేక మాత్రమే అవుతుందని కామాక్షికి అప్పుడు అర్థమైంది. నోరు మూసేసింది. ఉన్న ఊపిరంతా కాళ్ళకు ఇచ్చింది.

బండి ఆగింది. చక్రానికీ బిడ్డకూ మధ్య జానెడు ఖాళీ ఉంది. మనస్వి ఆ జానెడూ దాటి పసుపు పూసిన ఇనుముకు చెంప ఆనించి నవ్వుతోంది. ఎదుట అడ్డం ఇంకా ఉంది కాబట్టి బండి తప్పుకోండో, తప్పుకోండో అని అరుస్తూనే ఉంది. కామాక్షి బిడ్డను లాక్కుని రోడ్డు పక్కన కూలబడింది. పిల్ల బండి వైపు చేతులు చాచి గుక్కపెట్టింది.

నస్రీన్ పరిగెత్తుకొచ్చింది. "ఇంతమంది కూర్చుని లెక్కలు వేశాం. ఆ గొంతుకు ఒక బిడ్డ ఉందని మాకు తోచలేదు" అంది. "ఈ పన్నెండింటికీ ఇప్పుడే తీసేస్తాను."

"మిగతా బండ్లకు?"

"ఉత్తర్వు వెళ్ళిపోయింది. అరవై వేల బండ్లు. తిరిగి మార్చాలంటే నెలలు పడుతుంది. మారిస్తే మళ్ళీ ఆ కీచుమోతే."

"తీసెయ్యమనుమే" అంది రవణమ్మ ఏడుస్తూ. "నా మేకలు పోతే పోనీ."

కామాక్షి గుక్కపెట్టిన బిడ్డను భుజాన వేసుకుంది. గూడూరు పోయినా, నెల్లూరు పోయినా, ప్రతి రోడ్డు మీదా ఈ గొంతు ఉంటుంది. ఎన్ని బండ్లకని తీయిస్తుంది? దాన్ని విని తప్పుకునే బిడ్డలు ఎందరో ఉంటారు. దాని దగ్గరికి పరిగెత్తే బిడ్డ మాత్రం లోకంలో ఒక్కతే.

"తియ్యబాకండి మేడం" అంది చివరికి. "లోకాన్ని మీరు చూసుకోండి. దీనికి నేను నేర్పించుకుంటా. నాకు రోజూ ఒక గంట ఒక బండి కావాల. కదలకుండా, ఊరికే అరిచేది."

ఆ మర్నాటి నుంచి పొద్దున పూట గని గేటు దగ్గర ఒక బండి నిలిచేది. మొదటి మూడు రోజులూ పిల్ల ఇనుమునే వాటేసుకుంది. కామాక్షి నోరు గట్టిగా మూసి తన పెదవులు చూపించింది. పిల్ల చూడలేదు. నాలుగో రోజు కామాక్షి విసిగి, ఆ చిన్న అరచేతిని పట్టుకుని తన గొంతు మీద ఆనించుకుంది. బండి అరిచింది. గొంతు కదలలేదు. తర్వాత బండి ఊరుకుంది. కామాక్షి, "మనసూ" అంది. అరచేతి కింద గొంతు వణికింది. పిల్ల కళ్ళు పెద్దవి చేసి అమ్మ ముఖంలోకి చూసింది.

"అదీ! చూడమ్మాయ్, దానికి తెలిసింది!" అని పెంచలయ్య కర్ర నేలకేసి కొట్టాడు.

అయినా నిజమైన దారి మీద సంగతి ఎవరికి తెలుసు? ఇరవయ్యో రోజున నస్రీన్ ఊరవతలి మలుపు దగ్గర బండిని నడక వేగానికి తగ్గించి, ఆపే మీట చేతిలో పట్టుకుని నిలబడింది. కామాక్షి పది అడుగుల వెనక ఆగింది. పిలవకూడదు. అది ఆమె తనకు తాను పెట్టుకున్న పరీక్ష. మనస్వి దుమ్ములో కూర్చుని రాళ్ళు పేరుస్తోంది.

"తప్పుకోండో! ఓ...య్!"

పిల్ల లేచి నిలబడింది. బండి వైపు రెండడుగులు వేసింది. నస్రీన్ వేలు మీట మీద బిగుసుకుంది. పిల్ల ఆగి వెనక్కి తిరిగింది. నోరు మూసుకుని నిలుచున్న అమ్మ కనబడింది. ఒక్క ఉదుటున తిరిగి పరిగెత్తుకొచ్చి, ఎత్తుకున్న అమ్మ మెడ మీద అరచేయి ఆనించింది.

వెనక బండి అమ్మ గొంతుతో అరుస్తూ దాటిపోతోంది. కామాక్షికి భయంతోనూ సంతోషంతోనూ గొంతు పూడుకుపోయి ఒక్క మాట పెగల్లేదు. మనస్వి ఎదురుచూసింది. ఇంకా ఏమీ రాలేదు. కనుబొమలు ముడిచి, చూపుడువేలితో అమ్మ గొంతు మీద తట్టింది, తలుపు తట్టినట్టు.

"మనసూ" అంది కామాక్షి ఎలాగో.

అరచేతి కింద వణికింది. పిల్ల తృప్తిగా తల ఊపి, నస్రీన్ వైపు తిరిగి, ఇదిగో అని చూపిస్తున్నట్టు చెప్పింది.

"అమ్మ."