తిన్నగా నలభై ఏడు

ఇక్పిక్ విమానాశ్రయానికీ నువుక్ విమానాశ్రయానికీ సరిగ్గా నడిమధ్య, మంచులో ఒక పాత రేడియో గది ఉంది. పైన ఎగిరే విమానాలకి దూరాలు చెప్పే మనిషి ఎప్పుడో అందులోనే గడ్డకట్టి చచ్చాడట. అక్కడ ఆగినా ఫరవాలేదు... దూరం మాత్రం అడక్కూడదంటారు. అడిగితే — చెప్తాడు.

మార్కుసీ అడిగాడు.

తుపాను వల్ల ఇక్పిక్ నుంచి నాలుగు రోజులుగా విమానం లేదు. అవతల నువుక్ ఆసుపత్రిలో భార్య ఉలాయుక్‌కి నెలలు నిండాయి. ఇవతల మార్కుసీ తల్లి పోయి నెల కాలేదు. పుట్టగానే బిడ్డ చెవిలో ఆవిడ పేరు చెప్పాలి. చెబితే అమ్మ తిరిగొచ్చినట్టే. ఆ బిడ్డని ఇక "అమ్మా" అనే పిలుస్తాడు. అది వాళ్ళ ఆనవాయితీ. ఫోన్లో చెప్పే పేరు కాదది.

"తొంభై నాలుగు కిలోమీటర్లేగా మామా!" విమానాశ్రయం గోడ మీది పటం చూపించాడు.

నేల ఊడుస్తున్న ముసలి కౌనాక్ పకపకా నవ్వాడు. "నీకు రెక్కలు మొలిచాయిట్రా? ఆ లెక్క విమానానిది. ఒడ్డు వెంట చుట్టు తిరిగి పోవాలి. మనకది రెండు నిద్రల దారి."

"పెళ్ళాం కోసం పోయేవాడికి నిద్రెక్కడిది?"

"సరసాలాపు. సముద్రం మీద మంచు ఇంకా గట్టిపడలేదు." ముసలాయన గొంతు తగ్గించాడు. "ఆ గది దగ్గర... నోరు మూసుకో."

గాలి కాస్త తెరిపివ్వగానే, మధ్యాహ్నమే బయల్దేరాడు. మధ్యాహ్నానికే పొద్దు గుంకే నెల అది. నెత్తిన ఆకాశంలో ఆకుపచ్చ ధ్రువకాంతులు చీర కొంగులా రెపరెపలాడాయి. వాటిలో ఉలాయుక్కే కనిపించింది మార్కుసీకి. మంచు బండిని ఇంకా ఇంకా తరిమాడు.

గది చేరేసరికి పెట్రోలు అడుగంటుతోంది. చుట్టు దారికి చాలదు.

లోపల... దీపం. రేడియో గరగర.

ఉండబట్టలేకపోయాడు. "ఇంకెంత దూరం?"

గరగర ఆగింది.

"తిన్నగా... నలభై ఏడు."

ఎంత మెత్తటి గొంతు! తిన్నగా పోతే పెట్రోలు చాలుతుంది. మార్కుసీ ఆలోచించలేదు. బండిని ఒడ్డు నుంచి సముద్రం మీదికి దింపేశాడు.

మంచు నల్లబడింది. కిర్రుమంది. ఒక్క కుదుపు — ఏదో చల్లగా నడుం దాకా, గొంతు దాకా...

అంతే. మళ్ళీ హాయిగా సాగిపోయాడు. చలి లేదు. చప్పుడు లేదు. నువుక్ దీపాలు! కుక్కలు అతన్ని చూసి మొరగలేదు, తోకలు ముడిచి వెనక్కి జరిగాయి.

ఆసుపత్రి తలుపు తోశాడు. ఉలాయుక్ ఒళ్ళో పసిపాప. పక్కన కౌనాక్!

"మామా, నువ్వెప్పుడొచ్చావ్?"

ముసలాయన తడి టోపీ ఒకటి ఉలాయుక్ చేతిలో పెట్టాడు. "మూడు రోజులు వెతికామమ్మా. నీళ్ళలో ఇదొక్కటే తేలింది."

మార్కుసీ పరిగెత్తాడు. పాప చెవిలో తల్లి పేరు అరిచాడు... అరిచాడు... గొంతు రాలేదు.

పాప గుక్కపట్టి ఏడ్చింది. ఉలాయుక్ టోపీ పక్కన పెట్టి, పాప చెవి దగ్గరికి వంగి, మెల్లగా ఒక పేరు చెప్పింది.

"మార్కుసీ."

పాప ఏడుపు ఆపేసింది.

"ఏవండీ," అంది ఉలాయుక్ ఆ పసిగుడ్డుని గుండెకి హత్తుకుంటూ, "వచ్చేశారుగా... ఇంక ఏడవకండి."

ఆమె తలెత్తి, తెరిచున్న తలుపు వైపు చూసింది.

"మామా, ఆ తలుపేసెయ్. మా ఆయనకి చలేస్తోంది."