అక్క అంగలు

ఊరి చివర పార్కులో రంగులరాట్నానికీ జెయింట్ వీల్‌కీ మధ్య పొడుగాటి మట్టి గాడి ఒకటి ఉంటుంది. సాయంత్రం అయ్యేసరికి దాన్నిండా బొగ్గులు కణకణలాడుతుంటాయి. వాటి మీద ఉత్త కాళ్ళతో నడిచేది పిట్ట. బొగ్గులు పరిచేది ఆమె మొగుడు. మైకు పట్టుకుని జనాన్ని పిలిచేది అత్తగారు. మనిషి బక్కగా, జానెడంత ఉంటుందని పిట్ట అనే పేరు పెట్టింది కూడా ఆవిడే. మొదట్లో ముద్దుగానే పిలిచింది లెండి.

పిట్ట ఆ ఇంటికి రెండో కోడలు. అంటే రెండో కొడుకు భార్య కాదు, ఉన్న ఒక్క కొడుక్కీ రెండో భార్య. మొదటామె పోయింది. నిప్పుల మీద కాదు, మాయదారి జ్వరంతో మంచం మీద. పిట్ట ఆమె ముఖం కూడా చూడలేదు, అయినా అక్క అనే అనాలి. అక్క పొడగరి. అక్క నిప్పుల మీద నడుస్తుంటే కూరగాయలు కొనడానికి వీధిలోకి వెళ్తున్నట్టు ఉండేదట. అక్క కాళ్ళకి ఒక్కనాడూ బొబ్బ లేవలేదట. పాలు పొంగితే అత్తగారికి అక్క గుర్తొచ్చేది, పొంగకపోయినా అక్కే గుర్తొచ్చేది. బతికున్న సవతి అయితే జుట్టూ జుట్టూ పట్టుకుని తేల్చుకోవచ్చు. చచ్చినదానితో ఎలా పోట్లాడేది?

పిట్ట కాళ్ళకి మాత్రం నడిచిన ప్రతిసారీ బొబ్బలే. ఇంటికొచ్చాక మొగుడు మందు రాసేవాడు. మాటా పలుకూ లేకుండా, గిన్నె తోముతున్నట్టు రాసేవాడు.

"అక్కకీ ఇలాగే రాసేవారా?" అని అడిగింది ఒకసారి.

"దానికి ఆ అవసరమే రాలేదు."

ఆ 'దానికి' అనడంలో ఉన్న మెత్తదనం పిట్ట తన కాపురంలో ఎన్నడూ వినలేదు. అసూయతో ఆమెకి ఆ పూట అన్నం సయించలేదు.

ఒక సెలవురోజు సాయంత్రం జెయింట్ వీల్ తిప్పే పెద్దాయన, "ఎక్కమ్మా, పార్కులో ఉండి ఎక్కకపోతే ఎలా?" అని పిట్టని ఊరికే ఎక్కించాడు. తొట్టి పైకి వెళ్ళి ఆగింది. కింద గాడిలో అప్పుడే బొగ్గులు సర్ది, ఇనప పళ్ళ దంతె పక్కన పెట్టి వెళ్ళాడు మొగుడు. పైనుంచి చూస్తే ఆ ఎర్రటి పక్క మీద అక్కడక్కడా చదునైన చోట్లు కనిపించాయి. కుడి, ఎడమ, కుడి, ఎడమ. ఆ చోట్ల నిప్పు అణిగి, సన్నగా బూడిద కమ్మి ఉంది. అడుగు పడాల్సిన చోట్లు అవి. మిగతాదంతా గుల్లగా, ఎర్రగా ఎగదోసి ఉంది.

అడుక్కీ అడుక్కీ మధ్య బారెడు దూరం!

అవి పొడగరి అంగలు. తనవి కావు. తను వేసే పొట్టి అడుగులన్నీ నేరుగా మంట మీదే పడుతున్నాయి. ఇన్నాళ్ళూ ఆయన పాన్పు పరుస్తున్నది అక్కకి!

మర్నాడు బొగ్గులు రాజుకోగానే ఆమె దంతె లాక్కుంది.

"ఇవాళ నేను సర్దుకుంటాను."

"వద్దు" అన్నాడు అతను గొంతు తగ్గించి. "ఆ గుర్తులు చెరపకు."

"ఎందుకట?"

అతను నిప్పుల వైపు చూసి, ఒకడుగు వెనక్కి వేశాడు. పిట్ట కసికొద్దీ దంతె ఆడించింది. బారెడు అంగలన్నీ కలిపేసి, తన పొట్టి అడుగులకి సరిపడా చోట్లు చదును చేసుకుంది. చేస్తున్నంతసేపూ ఎవరో మెడ మీద ఊదుతున్నట్టు సన్నటి గాలి. అంత సెగలోనూ చల్లగా... తడిపిన గుడ్డ తగిలినట్టు.

పొద్దు వాలింది. జనం గాడి చుట్టూ కట్టిన తాడు దగ్గర మూగారు. మైకులో అత్తగారు, "చూడండి బాబూ, చూడండి! మా కోడలు పిల్ల!" అని అరుస్తోంది. అవతలి చివర మొగుడు నిలబడి, ఎప్పటిలాగే చెయ్యి చాచాడు. పిట్ట గాడిలోకి కాలు పెట్టింది.

కాల్లేదు.

రెండో అడుగూ కాల్లేదు. గోరువెచ్చటి ఇసుక మీద నడిచినట్టుంది. పాదం పడ్డచోట నిప్పు నల్లబడుతోంది, తీయగానే మళ్ళీ ఎర్రబడుతోంది. 'చూశావా అక్కా!' అనుకుంది గర్వంగా.

అప్పుడు కనిపించింది.

అవతలి చివర... మొగుడి కాళ్ళ ముందు... నిప్పు మీద ఒక పాదమంత మేర నల్లబడింది. మళ్ళీ ఎర్రబడింది. దానికి బారెడు ఇవతల ఇంకొకటి నల్లబడింది.

ఎవరో ఎదురొస్తున్నారు.

మనిషి లేదు. అడుగులే. నింపాదిగా, వీధిలో నడిచి వస్తున్నట్టు. కుడి... ఎడమ... కుడి...

ఆగడానికి లేదు, ఆగితే కాలిపోతుంది. వెనక్కి తిరగడానికీ లేదు. భయంలోనూ ఒక్క సంగతి ముల్లులా గుచ్చుకుంది. ఆ అడుగులు ఆయన దగ్గర్నుంచే బయల్దేరాయి. ఇన్నాళ్ళూ అక్క ఆయన పక్కనే నిలబడి ఉందన్నమాట!

సరిగ్గా గాడి మధ్యలో, పిట్ట కాలి వేళ్ళకి ఎదురుగా, రెండు పెద్ద పాదాల మేర నిప్పు నల్లబడి... అలాగే ఉండిపోయింది.

"తప్పుకో..." చెవి దగ్గర గుసగుస.

"తప్పుకోను" అంది పిట్ట పళ్ళ బిగువున. "ఆయన నా మొగుడు."

ముందుకే వేసింది అడుగు. చన్నీళ్ళలో మునిగినట్టు ఒళ్ళంతా జిల్లుమంది. ఏదో తనలోంచి దూసుకుపోయింది... లేక తనే దేనిలోంచో దూసుకుపోయింది. ఆ తర్వాత అవతలి గట్టు, మొగుడి చెయ్యి, చప్పట్లు.

అతను ఆమెని బల్ల మీద కూర్చోబెట్టి, పాదాలు తన ఒళ్ళోకి తీసుకున్నాడు. ఒక్క బొబ్బ లేదు. చెంబుతో నీళ్ళు పోస్తూ, ఒక్కొక్క వేలే తుడుస్తున్నాడు, పసిపాపకి తుడిచినంత నెమ్మదిగా. పిట్ట కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గెలిచాను అనుకుంది. చచ్చినదాని మీద గెలిచాను.

"ఇన్నాళ్ళూ ఎక్కడికెళ్ళిపోయావే?" అన్నాడతను తలెత్తకుండా.

'ఏమండీ, నేను... పిట్టని' అనబోయింది ఆమె. నాలుక కదల్లేదు. పాదాలు వెనక్కి లాక్కోబోయింది. కదల్లేదు.

"ఎక్కడికీ వెళ్ళలేదు" అంది ఆమె నోరు. ఆ గొంతు ఆమెది కాదు.

జనం చప్పట్లు ఉన్నట్టుండి ఆగిపోయాయి. మైకులో అత్తగారు కెవ్వుమంది.

"ఓసి పిట్టా! నిప్పుల మధ్యలో నిలబడిపోయావేమే? నడువు తల్లీ... కాళ్ళు కాలిపోతున్నాయే... ఎవరైనా లాగండి బాబూ దాన్ని!"

అప్పుడు మొదలైంది పిట్టకి అరికాళ్ళ మంట.

మొగుడు తలెత్తలేదు. ఇంకో చెంబుడు చన్నీళ్ళు ముంచి, ఒళ్ళో ఉన్న ఆ పెద్ద పాదాల మీద మెల్లగా పోశాడు.

పిట్టకి ఆ నీళ్ళు తగల్లేదు.