నీలవేణి మునిగిన మర్నాడు

రాయపురం ఫిషింగ్ హార్బర్. ఉదయం తొమ్మిది నలభై. చేపలు వేలం వేసే షెడ్డులో శవాలను వరసగా పడుకోబెట్టారు. హైస్పీడ్ ఫెర్రీ నీలవేణి నిన్న నడిసముద్రంలో పేలి, నాలుగే నిమిషాల్లో మునిగిపోయింది. రెండొందల పన్నెండు మందిలో పందొమ్మిది మందే బతికారు.

ఐసు అమ్మేవాడి వేషంలో ఉన్న ఏజెంట్ జనార్దనం చెవిలో చీఫ్ మైత్రి గొంతు వినిపించింది.

"విదేశీ ముఠా పనే. రెండో ఫెర్రీ పదింటికి బయల్దేరుతోంది. ఆధారం లేనిదే పోర్టువాళ్లు ఆపరట. షీబాని పట్టుకో."

షీబా డబుల్ ఏజెంట్. ముఠాకూ పనిచేస్తుంది, మన డిపార్ట్‌మెంట్‌కూ పనిచేస్తుంది. ఖరీదైన పట్టుచీర బురదలో నానుతున్నా, ఒక ముసలావిడ శవం పక్కన కూలబడి ఉంది.

"మా అమ్మ సార్. రాసాత్తి."

పేలుడుకు గంట ముందు షీబా మెసేజ్ పంపింది: 'నీలవేణిని ఆపండి.' తనను దారి తప్పించే ఎత్తనుకుని జనార్దనమే దాన్ని పక్కన పెట్టాడు.

"నమ్మలా గదా సార్ మీరు?"

"నమ్మలేదు."

"అమ్మ దాంట్లో ఎక్కిందని నాకు తెలీదు. తెలిసుంటే ఒక్క మెసేజ్ పెట్టి గమ్మునుంటానా?"

ఆ మాటకు ఇద్దరూ తలలు దించుకున్నారు.

"రెండోదాంట్లో బాంబు ఏడుంది?" ఆమె యాసలోనే అడిగాడు.

"ఇంజిన్ రూములో, ఎడంపక్క పంపు కింద. మాగ్నెట్‌తో అంటించినారు. పది ఇరవైకి పేల్తుంది."

మైత్రికి చెప్పాడు. "డబుల్ ఏజెంట్ మాట ఆధారం కాదంటున్నారు," అంది ఆమె.

ఫెర్రీ అప్పటికే రేవు వదిలింది. జనార్దనం ఏళుమలై అనే జాలరి మరపడవలోకి దూకాడు. హార్బర్ గోడ దాటేదాకా ఫెర్రీ మెల్లగానే పోవాలి. గోడ చివర దాన్ని అందుకుని, తాడు పట్టుకుని పైకి పాకాడు. ఇంజిన్ రూములోకి చేరేసరికి పది పద్దెనిమిది. పంపు కింద చెయ్యి పెట్టి, గోళ్లు ఊడేలా లాగాడు. డెక్ మీదికి పరిగెత్తి విసిరేశాడు.

సముద్రం తాటిచెట్టంత ఎత్తు లేచింది. ఫెర్రీ అద్దాలు పగిలాయి. లోపల పిల్లలు ఏడుస్తున్నారు. ఏడుస్తున్నారంటే బతికున్నారన్నమాట. అతనికి సంతోషం కలగలేదు. నిన్నటిదాన్ని ఆపడమూ ఇంత తేలికే.

తిరిగొచ్చేసరికి షీబాకి అటూ ఇటూ ఇద్దరు డిపార్ట్‌మెంట్ ఆఫీసర్లు కాపలాగా నిలబడి ఉన్నారు. శవాన్ని రక్తసంబంధీకులకే ఇస్తామని గుమాస్తా మొండికేశాడు. ఆమె దగ్గరున్న గుర్తింపు కార్డు డిపార్ట్‌మెంట్ ఇచ్చిన మారుపేరుది.

జనార్దనం ఫోన్ తీశాడు. "మేడమ్, ఒక కార్డు కావాలి. షీబా, రాసాత్తి కూతురు."

అరగంటలో వచ్చింది. డిపార్ట్‌మెంట్ ఇన్నేళ్లలో తయారుచేసిన దొంగ కార్డుల్లో నిజం రాసి ఉన్నది అదొక్కటే.