రెండో టిక్కు

"ఏటే నీలమ్మా, ఈ మందారప్పువ్వు పొద్దున్నే ఎంతమందికి పంపినావు?"

ఒడ్డున గంపలోకి కానాగంత చేపలు సర్దుకుంటున్న నీలమ్మ చటుక్కున తలెత్తింది. చూస్తే సన్యాసిరావు. ఒక చేతిలో వల, రెండో చేతిలో ప్లాస్టిక్ కవర్లో చుట్టిన ఫోను. చుట్టూ నలుగురు ఆడవాళ్లు చెవులు రిక్కించుకుని ఉన్నారు.

"అందరికీ పంపినాను. నీకొక్కడికే పంపడానికి నువ్వేటి కలెక్టరువా?" అంది.

ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. సన్యాసిరావు మొహం చిన్నబోయింది. అరవై దాటిన మనిషి, సముద్రంతో కుస్తీపట్టే మనిషి, ఒక్క మాటకి చిన్నపిల్లాడిలా వాడిపోయాడు. నీలమ్మ చూసింది. చూసి కూడా ఏమీ ఎరగనట్టు గంప నెత్తికెత్తుకుని మందస వెళ్లే ఆటో ఎక్కేసింది.

ఆమె చెప్పింది పచ్చి అబద్ధం.

ఆ పువ్వు వెళ్లేది ఒక్క ఫోనుకే. నీలమ్మకి చదువు రాదు. పలాసలో ఉంటున్న కూతురు దుర్గ ఫోను కొనిచ్చి, బొమ్మలు పంపడం, గొంతు రికార్డు చేసి పంపడం నేర్పింది. పేర్లు చదవలేదు కాబట్టి మనుషుల్ని పేరు పక్కనుండే గుండ్రటి బొమ్మలతో గుర్తుపడుతుంది. చంటిబిడ్డ బొమ్మ ఉంటే దుర్గ. ఎర్రంచు నీలం బోటు ఉంటే సన్యాసిరావు.

పువ్వు పంపడం వెనక ఒక గుట్టుంది. బోటు సముద్రంలో దూరంగా ఉన్నంతసేపూ సిగ్నల్ అందదు, పువ్వు కింద ఒకటే టిక్కు ఉంటుంది. బోటు ఒడ్డుకి దగ్గరపడగానే రెండో టిక్కు పడుతుంది. ఆ సంగతి నీలమ్మ తనంతట తానే కనిపెట్టింది. ఆమె ఇల్లు ఇసుక దిబ్బకి ఇవతల, జీడితోట అంచున ఉంది. అక్కణ్ణుంచి సముద్రం కనపడదు. అయితేనేం, రెండో టిక్కు పడితే చాలు, బావ వచ్చేశాడని తెలిసిపోతుంది. అప్పుడే ఎసరు పెట్టి, వంటయ్యాక గంప పట్టుకుని ఒడ్డుకి వెళుతుంది.

వరసకి బావే సన్యాసిరావు. ఆమె భర్త పోయి చాలాకాలమైంది, అతని భార్య పోయి కొన్నేళ్లయింది. వాళ్ల కులంలో మారుమనువు కొత్తేం కాదు. కానీ ఈ వయసులోనా? ఊరు నవ్వదూ?

నవ్వితే నవ్వనీ అనుకున్నట్టున్నాడు, కిందటి నెల అతను గొంతు పంపాడు. "నీ ఇంట్లో ఓ పొయ్యి, నా ఇంట్లో ఓ పొయ్యి. ఇద్దరికీ ఒకటి సాలదేటే, నీలమ్మా?"

ఆ మాట ఆమె ఎన్నిసార్లు విందో ఆ ఫోనుకే తెలియాలి. జవాబు మాత్రం ఇవ్వలేదు. ఫోనులో మాట్లాడితే ఊరంతా విన్నట్టే ఉంటుందని ఆమె భయం. అందుకే పువ్వు. రోజూ పువ్వే.

మర్నాడు తెల్లవారకముందే లేచి నీలం బోటు బొమ్మ వెతికి, మందారం పంపింది. ఒక టిక్కు పడింది. బోట్లు వెళ్లిపోయాయి.

ఆ రోజు ఊళ్లో కుర్రాడు చిన్నారావు చేపల వేటకి వెళ్లలేదు. చేతికి దెబ్బ తగిలి ఇంట్లోనే ఉన్నాడు. ఊరి వాట్సాప్ గ్రూపుకి పెత్తనమంతా అతనిదే. ఊరికే కూర్చోలేక గ్రూపు బొమ్మ మార్చాడు. సన్యాసిరావు బోటుకి ఈమధ్యే కొత్త రంగులు వేశారు, చూడముచ్చటగా ఉందని దాని ఫోటోనే పెట్టాడు. ఆ మార్పు నీలమ్మ కంటపడలేదు.

పది దాటింది. ఒకటే టిక్కు.

మబ్బు కమ్మింది. ఈదురుగాలికి జీడాకులు గలగలమంటున్నాయి. నీలమ్మ ఫోను వంక చూడటం, కొంగుతో అద్దం తుడవటం, మళ్లీ చూడటం. తుడిస్తే టిక్కు పడుతుందా?

పక్కింటి దాలమ్మ తడుస్తూ వచ్చింది. "అందరూ ఒచ్చీసినారే. మీ బావ బోటే కనబడ్డం నేదు."

నీలమ్మ ఫోను చేసింది. స్విచ్ ఆఫ్ అంది అందులోని అమ్మాయి.

నిన్న ఒడ్డున వాడిపోయిన అతని మొహమే కళ్లముందు ఆడింది. ఆ అబద్ధమే తను అతనితో చెప్పిన ఆఖరి మాటైపోతే? ఎన్నడూ లేనిది, ఫోను నోటి దగ్గర పెట్టుకుంది. అన్నిటికంటే పైన కనపడిన నీలం బోటు నొక్కి మైకు మీద వేలు అదిమింది.

"బావా, నాను నీలమ్మని. ఎక్కడున్నావు? పువ్వు అందరికీ పంపినానన్నాను సూడు, అది అబద్దం. నీకొక్కడికే. రెండో టిక్కు పడితే నువ్వొచ్చినావని నాకు గురుతు. అది పడితేనే ఎసరు పెడతాను. పొయ్యి ఒకటి సాలదేటే అన్నావు కదా. సాలు బావా. ఒకటి సాలు. నువ్వు ఒచ్చీ, అంతే."

వేలు తీసేసి, చెప్పులైనా వేసుకోకుండా దిబ్బ ఎక్కి పరుగెత్తింది.

సన్నగా జల్లు పడుతోంది. ఒడ్డున జనం గుమిగూడి తాడు లాగుతున్నారు. తాడు చివర నీలం బోటు, దాని వెనక ఇంజను చెడిపోయిన పక్కూరి బోటు. దాన్ని కట్టి లాక్కొచ్చేసరికి సన్యాసిరావుకి ఆలస్యమైంది. మోకాలిలోతు నీళ్లలో నిక్షేపంగా నిలబడి ఉన్నాడు.

నీలమ్మ ఇంకా ఊపిరైనా తీసుకోలేదు, పక్కనున్న చిన్నారావు ఫోనులోంచి ఒక గొంతు వినపడింది. "బావా, నాను నీలమ్మని."

తన గొంతే!

అవతల ఇంకో ఫోను అందుకుంది. "పువ్వు అందరికీ పంపినానన్నాను సూడు." వల పక్కన మరొకటి. "ఒకటి సాలు." తాడు లాగేవాళ్లు లాగడం మానేశారు. ఒడ్డంతా నీలమ్మ గొంతే.

"గ్రూపులో పెట్టీసినావు అత్తా," అన్నాడు చిన్నారావు నవ్వాపుకుంటూ. "సెన్నైలో ఉన్న మనూరోల్లు కూడా ఇనీసినారు. తీసీమంటావా?"

"తీసీకు!" నీళ్లలోంచి కేకేశాడు సన్యాసిరావు. "అది నాది. నానింకా సరిగ్గా ఇన్నేదు. మల్లీ పెట్టు."

నీలమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగింది. ఈలోగా చిన్నారావు ఫోనులో, అదే గ్రూపులో ఉన్న దుర్గ గొంతు పలికింది. "పెదనాన్నా, మా అమ్మ నోరు తెరిసి ఒక మాట అడగడం ఇదే మొదులు. నువ్వు కాదన్నావంటే నాను పలాస బస్సెక్కి ఒచ్చీగలను. ఔనన్నా ఒస్తాను, సీర పట్టుకుని."

ఒడ్డంతా గొల్లున నవ్వింది. కొంగు చాటున నీలమ్మ కూడా నవ్వింది. సిగ్గుతో చచ్చిపోతానేమో అనుకుంది కానీ, చిత్రంగా ప్రాణం హాయిగా ఉంది.

అరగంట తర్వాత సన్యాసిరావు తలైనా సరిగ్గా తుడుచుకోకుండా ఆమె ఇంటి అరుగు మీదకొచ్చి కూర్చున్నాడు. చేతిలో ఫోను ఉంది.

"ఫోనేటి, ఆపీసినావు?" అంది ఆమె గుమ్మంలోంచి, నేల చూపులు చూస్తూ.

"ఊరందరికీ పంపే పువ్వు కోసం ఫోనుని మూడు కవర్లు సుట్టి సముద్రానికి మోసుకెల్డం ఎందుకని కోపమొచ్చింది. ఆపీసి ఇంటికాడ ఒగ్గీసినాను."

"నా పేనం పోయింది తెలుసా?"

"ఇన్నాను కదే. నాతోపాటు సెన్నై కూడా ఇన్నాది."

అతను ఫోను ఆన్ చేశాడు. నీలమ్మ తన ఫోను తీసి పొద్దున పంపిన మందారం వైపే చూస్తూ నిలబడింది. కాసేపటికి దాని కింద రెండో టిక్కు పడింది.

మనిషి ఎదురుగానే ఉన్నాడు. అయినా ఆమె కళ్లు అప్పుడు నిండాయి.

"ఇప్పుడొచ్చినావు బావా," అంది. లోపలికి వెళ్లి ఇద్దరికి సరిపడా ఎసరు పెట్టింది.