మజ్జిగలో మాత్ర

ఆ పొద్దున మజ్జిగలో మాత్ర నూరి కలిపి ఇచ్చింది. భర్త గటగటా తాగేసి, కండువాతో మూతి తుడుచుకుని బయటికి వెళ్ళిపోయాడు. ఆ తరువాత తెలిసింది సరోజమ్మకు... సాయంత్రం ఎడ దగ్గర అతను సారా తాగాలని! చెప్పింది అత్త ఓబులమ్మే. రోటి దగ్గర మసాలా నూరుతూ, కూరలో ఉప్పు సంగతి చెప్పినంత మామూలుగా చెప్పింది. చేతిలో చేట ఎక్కడ పెట్టిందో కూడా సరోజమ్మకు తెలియలేదు.

తొండూరులో ఆ రోజు మామ చెన్నరాయుడి పెద్దదినం. పోయినవాడికి ఇష్టమైనవన్నీ విస్తట్లో వడ్డించి అతని పంచె, కండువాల ముందు ఉంచడాన్ని ఆ ఇంట్లో ఎడ పెట్టడం అంటారు. తలకాయ కూర, జొన్నరొట్టెలు, బీడీ కట్ట, వాటి పక్కన ఒక చెంబుడు సారా! పెద్దకొడుకు ఆ సారా ఒక గుక్క తాగితేనే అదంతా తండ్రికి అందినట్టు. తరువాతే బంధువులకు బంతి. సరోజమ్మ కాపురానికి వచ్చాక ఆ ఇంట్లో ఎవరూ పోలేదు కాబట్టి ఈ ఆచారం ఆమె ఎన్నడూ చూడలేదు. సర్కారు సారాను నిషేధించి ఎన్నో ఏళ్ళయింది గానీ, చావింటికి కావలసిన చెంబుడు సారా ఎక్కడి నుంచో రానే వచ్చింది. మామ పోయింది కూడా ఆ సారా వల్లే. పొట్ట ఉబ్బి, కళ్ళు పచ్చబడి, నీళ్ళు కూడా మింగలేక పోయాడు. అయినా ఎడలో అదే పెడుతున్నారు. అందులో తప్పేమిటో అక్కడ ఎవరికీ తోచలేదు.

సరోజమ్మ భర్త రామాంజులు ప్రొద్దుటూరులో పత్తి జిన్నింగు మిల్లులో ఇంజను నడిపేవాడు. మంచి పనివాడు. తాగుడే అతన్ని తినేసింది. పొద్దున లేవగానే చేతులు వణికేవి, సారా పడితే గానీ ఆ వణుకు ఆగేది కాదు. పక్కింటామె మాబున్ని ఈ అవస్థ చూడలేక ఒకనాడు సరోజమ్మను పక్కకు పిలిచి, జమ్మలమడుగులో తాగుబోతులను చేర్చుకుని వైద్యం చేసే ఒక ముసలి డాక్టరున్నాడని చెప్పింది. మాబున్ని మొగుడు వలి బాషా మిల్లులో రామాంజులు తోటివాడు. అతనే బండి కట్టి రామాంజులును తీసుకుపోయాడు.

అక్కడ కొన్నాళ్ళు నరకం చూశాడు రామాంజులు. గోడల మీద తేళ్ళు పాకుతున్నాయని కేకలు పెట్టాడు, సరోజమ్మను ఎవరో అనుకుని కొట్టాడు. చివరికి ఒళ్ళు నెమ్మదించి, అన్నం సయించి, మనిషయ్యాడు. ఇంటికి పంపేరోజున డాక్టరు ఇద్దరినీ కూర్చోబెట్టి మాత్రలు చేతిలో పెట్టాడు. రోజూ ఒకటి వేసుకోవాలని, అది ఒంట్లో ఉండగా సారా పడితే ఊపిరాడక, వాంతులతో పడిపోతాడని, ఎక్కువైతే గుండె ఆగినా ఆగవచ్చని చెప్పాడు. ఆ భయమే కాపాడాలి కాబట్టి అతనికి తెలియకుండా మాత్రం ఎన్నడూ ఇవ్వవద్దని సరోజమ్మకు రెండోసారి చెప్పాడు. ఆమె తల ఊపింది కూడా.

కానీ పెన్నేరు దాటుతుండగా రామాంజులు ఆ పొట్లం తీసి ఇసుకలోకి విసిరేశాడు! మాత్రలు మింగి బతకడానికి తనేమైనా రోగిష్టివాడా అన్నాడు. నేరుగా గండి గుడికి పోయి ఆంజనేయస్వామి ముందు కర్పూరం ఆర్పి, ఇక సారా ముట్టనని ప్రమాణం చేశాడు. అటువంటి ప్రమాణాలు సరోజమ్మ చాలానే చూసింది. ఆమె మళ్ళీ జమ్మలమడుగు పోయి, భర్తే పంపాడని కాంపౌండరుతో అబద్ధమాడి, మాత్రలు తెచ్చుకుంది. రోజూ ఒకటి నూరి సంకటిలోకి పోసే మజ్జిగలో కలిపింది. మాట తప్పానని మనసు పీకుతూనే ఉంది. అయినా ఆగలేదు. కట్టుకున్నవాడు కళ్ళ ముందే చస్తుంటే ఏ ఆడది ఆగుతుంది?

నెల తిరగకుండానే అతను ఒట్టు తప్పాడు. స్నేహితులతో కూర్చుని సారా గొంతులో పోసుకున్నాడో లేదో, మొహం కందగడ్డై, ఊపిరందక, వాంతులు చేసుకుంటూ ఇంటి గడపలో పడ్డాడు. తెప్పరిల్లాక ఆమె ఒళ్ళో తల పెట్టి పసిపిల్లవాడిలా ఏడ్చాడు. "స్వామి నా గొంతు పట్టుకున్యాడు సరోజా... ఇంగ జన్మలో ముట్టను" అన్నాడు. నిజం ఆమె నాలుక చివర దాకా వచ్చింది. ఆ కళ్ళలో భక్తి చూసి మింగేసింది.

అప్పటి నుంచి రామాంజులు వేరే మనిషి. శనివారం ఒక్కపొద్దులు, నుదుట సిందూరం, మిల్లులో మళ్ళీ ఇంజను పని! వీధి వీధంతా చెప్పుకుంది. తాగుబోతుల పెళ్ళాలు మొగుళ్ళను వెంటబెట్టుకుని అతని దగ్గరికి వచ్చేవారు. అతను వాళ్ళను గండికి తీసుకుపోయి ఒట్టు పెట్టించేవాడు. వాళ్ళలో ఒక్కడూ నిలవలేదు. ఎదురింటి కనకమ్మ మొగుడు మూడో వారానికే మళ్ళీ మొదలుపెట్టాడు. "నీకు భక్తి చాల్లేదప్పా" అని రామాంజులు అతన్ని మందలిస్తుంటే, పక్కన కనకమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంటుంటే, సరోజమ్మ తలవంచుకుని బియ్యంలో రాళ్ళు ఏరింది. ఆ మాత్ర సంగతి ఆమెకు చెప్పే ధైర్యం కూడా లేకపోయింది.

ఇప్పుడు తొండూరులో, ఆ మాత్ర ఒంట్లో ఉన్న మనిషి చేతికి చెంబు ఇవ్వబోతున్నారు!

ఎట్లాగైనా అతనికి ముందే చెప్పాలని సరోజమ్మ కాలుగాలిన పిల్లిలా తిరిగింది. గుండు చేయించుకుని స్నానం చేయడానికి మగవాళ్ళంతా కలిసి తోట బావికి పోయారు. ఆడవాళ్ళు అటు పోకూడదు. పోనీ ఆయన ఒట్టు పెట్టుకున్నాడు కదా, వద్దని చెప్పమని అత్తను బతిమాలింది. "ఆ ఒట్టు తాగేదానికి గదమ్మీ, ఎడకు గాదు. మీ మామ కడుపు మాడ్చి పంపీమంటావా?" అని ఓబులమ్మ కన్నీళ్ళు పెట్టుకుంది. కొత్తగా బొట్టు చెరిపిన ఆ మొహం చూస్తూ ఇంకొక్క మాట అనలేకపోయింది సరోజమ్మ. ఆయనే కాదంటాడులే అని గుండె చిక్కబట్టుకుని కూర్చుంది.

అతను కాదన్నాడు కూడా. సాయంత్రం పడమటింట్లో ఎడ ముందు కూర్చుని, తడి పంచెతో, బోడిగుండుతో, స్వామి ముందు ఒట్టు పెట్టుకున్నానని పెదనాయన గోవిందరాజులుకు చేతులు జోడించాడు. ముసలాయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది! చెంబు ఎత్తి తమ్ముడి పంచె వైపు చూపించాడు.

"వాడు నీ దిక్కే చూస్తాండాడు నాయనా. ఒగ గుక్క. మీ స్వామికి తండ్రి లేడా?"

రామాంజులు కళ్ళు మూసుకున్నాడు. పెదవులు కదిలాయి. స్వామికి క్షమాపణ చెప్పుకుంటున్నాడని సరోజమ్మకు అర్థమైంది. అతను రెండు చేతులా చెంబు అందుకుని పైకెత్తాడు... అంతే! ఆమె ఎప్పుడు లేచిందో, ఆ మగవాళ్ళ మధ్యలోంచి ఎట్లా దూసుకుపోయిందో ఆమెకే తెలియదు. చేతి దెబ్బకు చెంబు ఎగిరి విస్తట్లో పడింది. సారా రొట్టెల మీద, కూర మీద, మామ పంచె మీద ఒలికిపోయింది.

ఇల్లంతా గొల్లుమంది. పిచ్చి పట్టిందా అని ఒకరు, బయటికి ఈడవండి అని ఒకరు. ఎవరో జుట్టు పట్టుకున్నారు. సరోజమ్మ ఎవరి వైపూ చూడలేదు, భర్త మొహమే చూసింది.

"నీ ఒంట్లో జమ్మలమడుగు మాత్ర ఉండాది. పొద్దున మజ్జిగలో కలిపినా. తాగితే సచ్చిపోతావు."

ఆ మాటతో జుట్టు పట్టుకున్న చెయ్యి వదిలేసింది. రామాంజులు ఒక్కొక్కటే లోపల కూడగట్టుకుంటున్నవాడిలా ఉన్నాడు. చివరికి అడిగాడు.

"ఆ పొద్దు నా గొంతు పట్టుకునింది స్వామి కాదా?"

"కాదు... నేనే."

అతను కొట్టలేదు, తిట్టలేదు. నుదుటి మీది సిందూరాన్ని అరచేత్తో తుడిచేసుకుని, లేచి, గుమ్మం దాటి వెళ్ళిపోయాడు. వెనక ఓబులమ్మ గుండెలు బాదుకుంటూ, నా మొగుణ్ణి ఆకలితో పంపిస్తివి గదే అని శాపనార్థాలు పెట్టింది. ఆ రోజు బంతిలో ఎవరూ అన్నం ముట్టలేదు. సరోజమ్మ ఒక్కతే కూర్చుని, సారా కంపు పోయేదాకా ఆ నేల కడిగింది.

ప్రొద్దుటూరు వచ్చాక రామాంజులు ఆమె చేతి వంట తినడానికి ఒక షరతు పెట్టాడు. సంకటి గానీ, మజ్జిగ గానీ, మంచినీళ్ళు గానీ... ముందు ఆమె అతని కళ్ళ ముందు ఒక గుక్క తాగి చూపించాలి. విషం పెట్టేదాన్ని చూసినట్టు చూస్తూ కూర్చునేవాడు. ఆమె తాగి చూపించేది. పూటపూటా, మాట్లాడకుండా! మాత్రలు ఆమె ఆనాడే ఆపేసింది. నెల కాకముందే అతను మళ్ళీ సారా మొదలుపెట్టాడు. తాగినా ఈసారి ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడమే అతన్ని నిలువునా కూల్చేసింది. గొంతు పట్టుకోవడానికి పైన ఎవరూ లేరని అతను అనుకున్నాడు. ఇంజను పని పోయింది. అతను ఒట్లు పెట్టించినవాళ్ళే వీధిలో అతన్ని చూసి నవ్వారు.

మాత్ర సంగతి చెవిన పడి ఒకనాడు కనకమ్మ వచ్చి గడపలోనే నిలబడింది. ఆమె మొగుడు పోయి అప్పటికి నెల.

"నీ కాడ మందు పెట్టుకోని మాకు భక్తి లేదనిపిస్తివే సరోజమ్మా. ఒగ మాట చెప్పింటే నేనూ పోయి తెచ్చుకుంటా గదా."

 

ఉండబట్టలేక సరోజమ్మ ఒక్కతే జమ్మలమడుగు పోయి డాక్టరు ముందు అంతా చెప్పుకుని ఏడ్చింది. ఆయన తిట్టలేదు. తన దగ్గరికి వచ్చినవాళ్ళలో నిలిచినవాళ్ళు తక్కువేనని, తిరిగి పడ్డవాళ్ళే ఎక్కువని, పడ్డవాడు మళ్ళీ వస్తే మళ్ళీ చేర్చుకోవడం తప్ప తనకు వేరే విద్య తెలియదని చెప్పాడు. "మందు ఇచ్చినావు గానీ అమ్మా, మనిషిని అడగలేదు" అన్నాడు. అడిగితే ఒప్పుకునేవాడు కాదని ఆమె అంది. ఒప్పుకునేదాకా అడగాలని ఆయన అన్నాడు. మాత్రలు మాత్రం ఇవ్వలేదు, అతనే వచ్చి తీసుకోవాలన్నాడు.

వానలు మొదలయ్యాక ఓబులమ్మ తొండూరు నుంచి వచ్చింది. కోడలితో మాట్లాడకుండా మూల మంచం మీద కూర్చుంది. ఆ పూట వలి బాషా రామాంజులును మోరీ కాలువ దగ్గరి నుంచి భుజాన వేసుకుని తెచ్చి అరుగు మీద పడుకోబెట్టాడు. కొడుకు పాదాలు చూసింది ఓబులమ్మ. వాచి ఉన్నాయి. పొట్ట చూసింది. కళ్ళ రెప్పలు వేలితో విప్పి చూసింది... పచ్చగా! మొగుడికి మొదలైంది కూడా అట్లాగే.

కాసేపటికి అతను లేచి నీళ్ళడిగాడు. సరోజమ్మ చెంబు తెచ్చి, అలవాటు కొద్దీ ముందు తానొక గుక్క తాగి, అతనికి అందించింది. ఓబులమ్మ అది చూసింది. ఎందుకు తాగావని కోడలిని అడిగింది. సరోజమ్మ మొగుడి వైపు చూసింది. ఓబులమ్మ కూడా కొడుకు వైపు తిరిగింది. అతను తల దించుకున్నాడు. ముసలామెకు అర్థమైంది. లేచి వచ్చి కొడుకు ముందు నేల మీద కూర్చుంది.

"ఎడ ఒలకబోసిందని నేనీ బిడ్డను శానా మాటలంటిరా. ఆ పొద్దు ఇది అడ్డం పడకుంటే రెండు ఎడలు పెట్టాల్సొచ్చుండె. మీ నాయనకు పూటపూటా చెంబు అందిచ్చింది నా చేయే. మంచి పెళ్ళాం అనిపిచ్చుకుంటి. ఏం మిగిలింది నాకు?"

ఆ తరువాత ఆమె కోడలి చెయ్యి పట్టుకుని ఏడ్చింది. సరోజమ్మ కూడా ఏడ్చింది, పెద్దదినం నాడు రాని ఏడుపంతా ఏడ్చింది. రామాంజులు మాత్రం ఏడవలేదు. గోడకు చేరగిలబడి వాన చూస్తూ ఉండిపోయాడు.

తెల్లవారి అతను వలి బాషాను బండి కట్టమన్నాడు. జమ్మలమడుగులో మళ్ళీ ఆ నరకమంతా మొదటి నుంచీ! ఈసారి డాక్టరు పాడైపోయిన కాలేయం సంగతి దాచకుండా చెప్పాడు. మానేసినా ఎన్నేళ్ళు బతుకుతాడో చెప్పలేనని, మానకపోతే మాత్రం చెప్పగలనని అన్నాడు. రామాంజులు తన చేత్తోనే మాత్రల పొట్లం అందుకున్నాడు. పెన్నేరు దాటుతుండగా అతని చెయ్యి జేబులోకి పోయింది. సరోజమ్మ ఆ చెయ్యే చూసింది. పొట్లం అక్కడే ఉందో లేదో తడిమి చూసుకుని చెయ్యి బయటికి తీశాడు.

"స్వామి పట్టుకున్యాడనుకున్నప్పుడు సులువుగా ఉండె సరోజా. ఇప్పుడు నేనొక్కన్నే పట్టుకోవాల."



మరుసటి పొద్దున ఓబులమ్మ సంకటి కెలికింది. సరోజమ్మ మజ్జిగ గ్లాసు తెచ్చింది. రామాంజులు పొట్లం విప్పి ఒక మాత్ర అరచేతిలో పెట్టుకుని చాలాసేపు దాన్నే చూశాడు. మింగుతాడో, విసిరేస్తాడో అతనికే తెలియనట్టుంది. సరోజమ్మ అడగలేదు, బతిమాలలేదు. ఎప్పటిలాగే గ్లాసు పెదవుల దగ్గర పెట్టుకుని, ముందు తానొక గుక్క తాగబోయింది.

అతను చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దులే... ఇయ్యి" అన్నాడు.

ఆమె ఇచ్చింది. అతను మాత్ర నోట్లో వేసుకుని, గ్లాసు ఖాళీ అయ్యేదాకా తాగాడు.