గుప్పిట్లో మడ నత్తలు

"మా ఆయన్ని ఉరి తీస్తారయ్యా! ఆయన చీమకైనా హాని చెయ్యడు!" అంటూ మైమూనా డిటెక్టివు నరసింహారావు ఇంటి గుమ్మంలోనే కూలబడింది.

యుద్ధం రోజులవి. నరసరావుపేటలో ఆ హత్య గురించి వినని వాళ్లు లేరు. సున్నపు బట్టీ యజమాని బ్రహ్మయ్య తల పగిలి బట్టీ ముందు పడి ఉన్నాడు. పక్కనే నెత్తురంటిన సమ్మెట. అది మైమూనా భర్త, రాళ్లు కొట్టే ఖాజా మొహిద్దీన్‌ది. కూలీలు అతన్ని పళ్లు రాలేలా కొట్టి పోలీసులకు అప్పగించారు.

నరసింహారావు వెంటనే బయలుదేరాడు. అతని సహాయకురాలు దయామణి ఒకప్పుడు నర్సు. అయినా ఆ తల చూసి ముఖం తిప్పుకుంది.

"ఇంత దెబ్బకి కింద నెత్తురు మడుగు లేదేంది సార్?" అంది.

నరసింహారావు శవం గుప్పిట విప్పాడు. బురద, రెండు నత్తలు. చెంబెడు నీళ్లలో వేస్తే అవి మెల్లగా అంచెక్కి బయటికొచ్చేశాయి.

"ఇవి సముద్రం దగ్గర మడచెట్లు పట్టుకుని బతికేవి దయామణీ. గాలి పీలుస్తాయి. నీళ్లలో నానబెడితే చస్తాయి."

సాయంత్రం అందరినీ బట్టీ దగ్గరికి పిలిపించాడు. ఇన్‌స్పెక్టరూ వచ్చాడు. బ్రహ్మయ్య భాగస్వామి, బావమరిది అంకమ్మరావు ముందుకొచ్చాడు. సున్నానికి కాల్చే నత్తగుల్లను లారీలో తెచ్చేది అతనే.

"నిన్న ఒక్కణ్ణే మడల కాడికి పోయి గుల్ల తెచ్చా. బావ రాలేదు."

"మరి ఆయన చేతిలో నత్తలు?"

"ఇక్కడ గుల్లకేం తక్కువండీ? కుప్ప మీద పడ్డప్పుడు దొరికుంటయ్."

"గుల్లను నానబెట్టకుండానే కుప్ప పోస్తారా?"

అంకమ్మరావుకు రోషం వచ్చింది. "మా బట్టీలో అట్టాంటి పనుండదు! లారీ దిగిన గుల్ల దిగినట్టే మంచినీళ్ల కుండీలో పడాల్సిందే. ఉప్పు పోతేనే సున్నం!"

"అయితే కుప్పలో బతికున్న నత్త ఉండదు. బ్రహ్మయ్య చచ్చింది మడల్లో. ఆయన పొత్తు విడగొడతానన్నాడని కూలీలు చెప్పారు; అందుకే అక్కడే చంపావు. గుల్ల కింద శవాన్ని తెచ్చి, చచ్చిన తలనే ఖాజా సమ్మెటతో మళ్లీ పగలగొట్టావు."

అంకమ్మరావు పలుగు లాక్కుని విసిరాడు. నరసింహారావు భుజం ఎముక విరిగింది. పారిపోబోయిన అంకమ్మరావు కాలుజారి కుండీలో పడ్డాడు. మైమూనా దూకి అతని జుట్టు పట్టి నీళ్లలో ముంచేసింది.

"వదులమ్మా! వాడు చస్తే నీ మొగుడు బయటికి రాడు!" అని నరసింహారావు అరిచాడు.

ఆమె అతని తల పైకి లాగింది. "గాలి కావాలా? చెప్పు!"

"నేనే... నేనే చంపా!"

ఇన్‌స్పెక్టరు ఖాజాను విడిచిపెట్టమని కానిస్టేబుల్‌ను పంపాడు. ఖాజా నెత్తుటి మూతితో గేటు దాటి వచ్చేదాకా మైమూనా ఆ జుట్టు వదల్లేదు.